దెయ్యం సినిమాకి మా మేనత్త పేరు

మా చిన్నాన్న కొడుకు ఫోన్‌తో తీసిన దెయ్యం సినిమా పోస్టర్ని మొదటిసారి పరవాడ వెళ్లే కంపెనీ బస్సులో, నా ఫోన్‌లో చూశాను. నల్లటి పోస్టరు మీద నెత్తురు కారుతున్నట్టు ఎర్రటి అక్షరాలు. అది మా మేనత్త పేరు.

మేనత్త కశింకోట దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. పెళ్లయిన ఏడాదికే భర్త పోయాడు. మరో రెండేళ్లకి అదే ఇంట్లో మరిది పోయాడు. అప్పట్నుంచీ ఆమెకి చిల్లంగి వచ్చని, చేతబడి చేస్తుందని ఊళ్లో గుసగుసలు. పసిపిల్లలున్న వాళ్లు ఆమె వస్తుంటే తలుపు దగ్గరగా వేసేవారు. ఇదంతా మా తమ్ముడికి తెలుసు.

ఆ ఆదివారమే అనకాపల్లిలో వాళ్లింటికి వెళ్లి అడిగాను. "అత్త పేరెందుకు పెట్టేవురా?"

"అత్తని కాదక్కా. దెయ్యం సినిమాకి ఆడపేరే ఉండాల. మగపేరు ఎడితే ఫైటింగుల సినిమా అనుకుంటారు. అందులోనూ పాతకాలం పేరు, చివర అమ్మ అని రావాల. ఇప్పటి పిల్లల పేర్లకి ఎవడు బయపడతాడు? లేపోతే ఏ ఇంటి నంబరో ఎట్టుకోవాల."

"అయితే ఇదే ఎందుకు?"

"పది పేర్లు కాయితం మీద రాసి మా ఫ్రెండ్స్‌కి చదివేను. దీనికే అందరూ ఉలిక్కిపడ్డారు."

"ఆ ఫ్రెండ్స్‌ది ఏ ఊరు?"

వాడు ఫోన్ చూసుకోసాగాడు. ఆ నలుగురు ఫ్రెండ్సూ మేనత్త ఉండే వీధివాళ్లేనని నాకు తెలుసు. ఉలిక్కిపడకేం చేస్తారు! ఆ సంగతి వీడికి నిజంగా తట్టలేదా, తట్టే పెట్టాడా? వాడి మొహంలోకి ఎంతసేపు చూసినా తేల్చుకోలేకపోయాను.

వాణ్ణి స్కూటీ ఎక్కించుకుని మేనత్త దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. పోస్టర్ సంగతి అప్పటికే తెలుసు. రోజూ వంటింటిదాకా వచ్చే పాలావిడ, రెండు రోజులుగా గుమ్మం బయటే పాలు పెట్టి పోతోందట.

"ఏదీ, సినిమా సూపించు," అంది.

పన్నెండు నిమిషాలూ కదలకుండా చూసింది. అయ్యాక ఫోన్ వాడి చేతికిచ్చి, "ఇందులో ఆ పిల్లని సంపిందెవుల్రా?" అని అడిగింది.

"మొగుడత్తా."

"మరి ఆడి పేరెట్టాల గదా. ఆణ్ణి సూసి కదా బయపడాల?"

 తమ్ముడు అక్కడే కూర్చుని ఫోన్‌లోంచి పోస్టర్ తీసేశాడు. మర్నాడు సినిమాకి ఆ మొగుడి పేరే పెట్టాడు. ఎవరూ పెద్దగా చూడలేదని తర్వాత వాడే చెప్పాడు. పాలావిడ మాత్రం ఇప్పటికీ గుమ్మం దాటి లోపలికి రావడం లేదు.

మేనత్త దగ్గర్నుంచి వచ్చిన ఆ ఆదివారం సాయంత్రం ఇంట్లో అమ్మని ఒక మాట అడిగాను. నా చిన్నప్పుడు మేనత్త పంపిన అరిసెలు ఒక్కటి కూడా నన్ను తిననిచ్చేది కాదు.

"ఎందుకమ్మా?"

అమ్మ పొయ్యి వైపు తిరిగి కూర కలుపుతూ, "నీకు అరగవని," అంది.

మిగతా ఎవరిళ్ల నుంచి వచ్చిన అరిసెలైనా నాకు బాగానే అరిగేవి.