రిమ్ముకు రాసిన నూనె

ఈ ఉదయం నా సైకిలు ముందు చక్రానికి దుమ్ము అంటుకుని ఉంది. తుడవబోతే వేలికి నూనె తగిలింది.

సోమవారం మా మావయ్య పోయారు. అమ్మకు అన్న. జీవితమంతా నౌపడ ఉప్పు మడుల్లో పనిచేశారు. ముందురోజు మా ఇంటికొచ్చి, ఆ సైకిలు దగ్గర చాలాసేపు ఒక్కరే కూర్చున్నారు.

అది బురదలో, గట్ల మీద పోయే సైక్లోక్రాస్ సైకిలు. పాతది కొన్నాను. బ్రేకులు అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి ఏవి వేయాలో నేను చదివి చెప్తుంటే ఆయన వినేవారు. వి-బ్రేకు అనే రకం గట్టిగా పడుతుంది, కానీ రబ్బర్లు రిమ్ముకు మరీ దగ్గర. రెండు పక్కలా చేతులు చాచినట్టుండే కాంటిలివర్ బ్రేకుకు పట్టు తక్కువ, ఎడం ఎక్కువ.

“ఎడం ఉన్నదే ఎయ్యి కోడలా. బురదకి దారియ్యాలి. నేదంటే సక్రాన్నే ఆపేస్తాది.”

రబ్బరు వెనక కొస దగ్గర తాటాకు ముక్క పెట్టి బిగించేవారు. ముందు కొస ముందుగా తాకితే బ్రేకు కీచుమనదు. తరువాత నాచేత వీధి చివరిదాకా తొక్కించేవారు.

“ఏటి తెలిసింది సేతికి?”

“బాగుంది మావయ్యా.”

“బాగుందంటే ఏటే? కాన్వెంటోళ్లు అంత సదువు సెప్పి నీకీ ఒక్క మాటే ఇచ్చారేటి?”

కుడి రబ్బరు ముందు తాకుతోందని, లివరు సగందాకా వదులుగా ఉందని వెతుక్కుంటూ చెప్పేదాన్ని. నాతో అంత మాట్లాడించినవారు మరొకరు లేరు.

మొదటిసారి అంతా బిగించాక రిమ్ముకు నూనె రాసేశారు. బ్రేకు పట్టలేదు. కాలవలో పడ్డాను.

“ఓలమ్మో! ఇనుము కనబడితే నా సెయ్యి ఊరుకోదే!”

ఉప్పుగాలికి ఇనుము నిలవదు. వానలు మొదలై మడుల పని ఆగిపోగానే పారలన్నీ కడిగి, నూనె పూసి, అటక మీద పెట్టేయడం వాళ్ల పద్ధతి. కానీ నేను పడ్డ రోజు నుంచి ఆయన ఆ రిమ్మును పొడిగుడ్డతో తప్ప ముట్టలేదు.

మరి చివరిరోజు ఎందుకు రాశారు? మరిచిపోయారా? ఆయనకు మతి తప్పుతుంటే నేను చూసుకోలేదా? అదొక్కటి తెలిస్తే చాలు నాకు.

అమ్మను అడిగాను. “అన్న పెద్దోడైపోనాడు గదే. మరిసిపోయుంటాడు, తుడిసీ,” అని అటు తిరిగిపోయింది.

గుడ్డ తెచ్చుకుని కూర్చున్నాను. నూనె రెండు చక్రాలకూ ఉంది, పలచగా, ఎక్కడా వదలకుండా. బ్రేకు తీగలు కూడా విప్పి ఉన్నాయి.

వచ్చే నెల నుంచి నాకు విజయనగరంలో ఉద్యోగం. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆయనకొక్కరికే చెప్పాను, సైకిలు ఇక్కడే వదిలి వెళ్తానని కూడా.