రీలుకెక్కని నలభై ఒక్క ఫొటోలు

కిర్ర్‌మని ఒక చిన్న చప్పుడు. పోయిన ఆదివారం పొద్దున నానక్‌రామ్‌గూడలో మా ఫ్లాట్ బాల్కనీలో కాఫీ తాగుతుంటే ఇంట్లోంచి వినిపించింది. ఆ చప్పుడు విని పాతికేళ్ళు దాటింది. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే లోపలికి పరుగెత్తాను. మా అక్క కూతురు హారిక సోఫాలో కూర్చుని ఒక పాత రీలు కెమెరా మీట తిప్పుతోంది. ఈ కాలం పిల్లలకు మళ్ళీ రీలు కెమెరాల పిచ్చి పట్టింది కదా, ఎక్కడో వెతికి సంపాదించిందట. "పిన్నీ, ఇటు చూసి నవ్వు!" అంది. నవ్వడం మాట దేవుడెరుగు, "ముందు ఎడమ పక్క చూడు. ఆ చక్రం తిరుగుతోందా?" అని గదమాయించాను. పిల్ల బిత్తరపోయింది. నిజానికి ఆ మాట నాది కాదు, బాలానగర్ నర్సింలు గారిది. ఆయన గురించి హారికకు చెప్పడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళయింది. అయినా తనివి తీరలేదు, అందుకే ఇలా రాయడానికి కూర్చున్నాను.

తొంభైల చివర్లో నేను కాకినాడలో డిగ్రీ, ఒక కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, మాదాపూర్‌లో ట్రెయినీ ఉద్యోగం దొరికితే హైదరాబాదు వచ్చాను. బాలానగర్‌లో మా బాబాయి, పిన్ని ఉండే మేడమీద వాటాలో దిగాను. ఆ ఇంటి యజమానే నర్సింలు గారు. దగ్గర్లోని ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని. యాభై దాటిన మనిషి, అరచేతుల గీతల్లో నూనె నలుపు ఎంత తోమినా పోయేది కాదు. మొదటి రోజే "గారు గీరు అనకు బిడ్డా, కాకా అను, సాలు" అన్నారు. మా కోస్తా నాలుక ఊరుకుంటుందా? "అలాగేనండీ, కాకాగారూ" అన్నాను. ఆయన భార్య లక్ష్మమ్మగారు నవ్వలేక చేతిలోని బియ్యం చాట కింద పెట్టేశారు. చివరిదాకా ఆయన నాకు కాకాగారే.

ఆదివారం వచ్చిందంటే కాకాగారు స్కూటర్ తీసేవారు. భుజానికి ఒక టిఫిన్ సంచీ, అందులో తువ్వాలులో చుట్టిన కెమెరా. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, తనకు తాను నేర్చుకున్న విద్య. ఆ రోజుల్లో ఊరు ఊరంతా మాదాపూర్‌లో లేచిన గుండ్రటి అద్దాల భవనాన్ని చూడటానికి కట్టగట్టుకుని వచ్చేది. మా ఆఫీసు దానికి కూతవేటు దూరమే కాబట్టి దాన్ని నేనే కట్టించినంత గర్వం నాకు. ఇంటికి పంపడానికి దాని ముందు ఒక ఫొటో తీయమని కాకాగారిని బతిమాలి తీసుకెళ్ళాను. నాది ఒకటి తీశారు. తర్వాత వెనక్కి తిరిగి, భవనానికి వీపు పెట్టి, దాన్ని నోరు తెరుచుకుని చూస్తున్న జనాన్ని తీయడం మొదలుపెట్టారు.

"అదేంటండీ, బిల్డింగు అటుంది కదా?" అన్నాను.

"బిల్డింగు యాడికి వోతది? రేపు గూడ గాడనే ఉంటది. గీ మొకాలు మల్ల దొరుకయ్" అన్నారు.

ఆయనకు రెండే నియమాలు. మొదటిది, పేరు అడక్కుండా బటన్ నొక్కకూడదు. రెండోది, ఎవరి ఫొటో తీస్తే వాళ్ళకు మళ్ళీ ఆదివారానికల్లా కాపీ చేతికివ్వాలి. ఇవ్వని ఫొటో దొంగసొమ్ము కింద లెక్క అనేవారు. తన దగ్గరుంచుకునే కాపీ వెనక పెన్సిల్‌తో ఆ ఫొటో కథ రాసేవారు: ఎవరు, ఎక్కడ, అప్పుడు ఏమన్నారు. పక్కనే కడుతున్న మరో భవనం దగ్గర కాంక్రీటు తట్టలు మోసే సాయమ్మ అనే ఆవిడను తీశాం. బొట్టు సరిదిద్దుకునేదాకా తీయనివ్వలేదు. మళ్ళీ ఆదివారం కాపీ ఇస్తే, ఆమె దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "అవ్వో, నేను గింత పొడుగుంటనా?" అంది. ఇంట్లో చేతిలో పట్టేంత అద్దమే ఉందట. తల నుంచి కాళ్ళ దాకా తనను తాను చూసుకోవడం అదే మొదలు! ఆ సంతోషం చూశాక నాకు నిలువునా కెమెరా పిచ్చి పట్టేసింది. కాకాగారి వెంట వెళ్ళని ఆదివారం లేదు.

అలా ఒక ఆదివారం గోపన్‌పల్లి ప్రయాణం పడింది. అక్కడ బాలమ్మ అనే పెద్దావిడ ఉండేది. అంతకుముందు వారం ఊరిబయట రాళ్ళ దగ్గర మేము మేకల్ని ఫొటో తీస్తుంటే ఆమే పిలిచి చెప్పింది. కొత్త రోడ్డు వాళ్ళ ఇంటి మీదుగా పోతోంది, సోమవారం పొద్దున ఇల్లు కూలగొడతారు. పదమూడేళ్ళప్పుడు కోడలిగా ఆ గడప దాటి లోపలికి వచ్చింది. పెనిమిటి ఆ ఇంట్లోనే పోయాడు. ఆయనదీ ఆ ఇంటిదీ ఒక్క ఫొటో కూడా లేదు. "గడపల నిలవడి ఒక్కటి తియ్యి కొడుకా. ఇల్లు వోయినంక సూస్కుంట" అని అడిగింది. కాకాగారు ఆమెకు చేతిలో చెయ్యేసి మాటిచ్చారు.

తీరా ఆ శుక్రవారం లేత్ మీంచి ఇనప రజను ఎగిరి ఆయన కుడికంట్లో పడింది. దవాఖానాలో తీసి, కంటికి కట్టు కట్టారు. కట్టు మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని స్కూటర్ మెల్లగా నడపగలరు గానీ, కెమెరాలోంచి చూడటం కుదరదు. "ఇయ్యాల నువ్వే తియ్యాలె" అని కెమెరా నా చేతికిచ్చారు. నా కాళ్ళు నేల మీద లేవు. కొత్త రీలు నేనే ఎక్కిస్తానని పట్టుబట్టాను. "ఎక్కించినంక మీట తిప్పి ఎడమ దిక్కు సక్రం జూడు. అది తిరిగితేనే రీలు పట్టినట్టు" అన్నారు. "అలాగేనండీ" అన్నాను. చూడలేదు. ముప్ఫై ఆరు ఫొటోలు నా చేతిలో ఉన్న సంబరంలో చక్రం ఎవరికి గుర్తుంటుంది? గేటు ముందు స్కూటర్ వంచుతున్న కాకాగారినే మొదటి ఫొటో తీశాను. గోపన్‌పల్లిలో ఆయనను బాలమ్మ కొడుకులతో మాట్లాడుతూ కూర్చోమని, నేను ఊరు ఊరంతా తిరిగాను. గడపలో బాలమ్మ, దర్వాజాకు చెక్కిన చిలకలు, ఉట్టి, కుండలు, అరుగు మీద పిల్లి. అంకె ముప్ఫై ఆరు దాటింది. మీట తిరుగుతూనే ఉంది! ముప్ఫై ఎనిమిది, నలభై, నలభై ఒకటి! ఇంత అదృష్టజాతకురాలు ఫొటోల చరిత్రలోనే లేదనుకున్నాను. ఇంటికెళ్ళాక చెప్పి కాకాగారిని ఆశ్చర్యపరుద్దామని దారి పొడుగునా ఆ ముచ్చట కడుపులో దాచుకుని కూర్చున్నాను.

సాయంత్రం లక్ష్మమ్మగారు టీ ఇస్తుండగా ఇక ఆపుకోలేక, "కాకాగారూ, నలభై ఒకటి వచ్చాయండీ! ఇంకా తిరుగుతూనే ఉంది!" అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టారు. కెమెరా అందుకుని, ఆ ఎడమ చక్రాన్ని రెండు వేళ్ళతో కొంచెం తిప్పి, వెనక మూత తెరిచారు. రీలు దాని డబ్బీలోనే ఉంది. పొద్దున నేను పెట్టినట్టే, కొస మాత్రం బయటికి వచ్చి, నన్ను వెక్కిరిస్తూ నాలిక బయటపెట్టినట్టు. ఒక్క ఫొటో కూడా పడలేదు.

నేను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. నా ఫొటోలు పోతే పోయాయి, తెల్లారితే బాలమ్మ ఇల్లు ఉండదు. కాకాగారు తిడితే బాగుండేది. తిట్టలేదు. ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు.

"ఏడ్సుడు తర్వాత. ముందుగాల రాయ్. ఒకటో ఫొటోల ఏం జూసినవ్, రెండోదాంట్ల ఏం జూసినవ్, నలభై ఒకటీ రాయ్. రీలుకు ఎక్కలేదు గని నువ్వు జూసినవ్ గద?"

"బాలమ్మగారి సంగతండీ?"

"పొద్దున ఐదు గొట్టంగ బయల్దేరుదం. ఇల్లు కూలేలోపల అందుకుందం. ఫికర్ జేయకు."

ముక్కు చీదుకుంటూ రాయడం మొదలుపెట్టాను. ఒకటి నుంచి పది దాకా పరుగులా వచ్చాయి. తర్వాత తడబడ్డాను. పిల్లి ఏ రంగు? బాలమ్మ ఏ చేయి దర్వాజా మీద పెట్టింది? బటన్ నొక్కినవాటిలో సగం నేను చూడనే లేదని అప్పుడు తెలిసింది. చూసినంతా రాశాను, చూడనిచోట చూడలేదని రాశాను. ఆ పుస్తకం ఆయనకిచ్చి పడుకున్నాను.

సోమవారం పొద్దున స్కూటర్ మీద మేము ఎగిరిన గుంతలు అన్నీ ఇన్నీ కావు. అదే రీలు, ఈసారి చక్రం తిరగడం ఇద్దరం చూసుకుని మరీ బయల్దేరాం. గోపన్‌పల్లి చేరేసరికి పసుపురంగు తవ్వే మిషను ఇంటి పక్కన నిలబడి గురక పెడుతోంది. ఇంటి పైకప్పు లేదు. గోడలు నేలమట్టమయ్యాయి. కొత్తచోటికి పట్టుకెళ్ళడానికని కొడుకులిద్దరూ దర్వాజాను చట్రంతో సహా పెరికి, బండిమీదికి ఎత్తబోతున్నారు. స్కూటర్ దిగీ దిగకముందే, "బాలమ్మగారూ, నన్ను క్షమించండి, నిన్నటి ఫొటోలు ఒక్కటీ రాలేదండీ. తప్పు నాదేనండీ" అన్నాను.

ఆమె నా మొహం చూసింది, కూలిన గోడ చూసింది. తర్వాత కొడుకుల వైపు తిరిగి, "దర్వాజ నిలవెట్టుండ్రి" అంది.

"గోడ లేందే యాడ నిలవెడ్తమే అవ్వా?" అన్నాడు పెద్ద కొడుకు.

"యాడుండెనో గాడనే నిలవెట్టుండ్రి. మీరు చెరో దిక్కు పట్టుకోరాదుండ్రి!"

కాకాగారు మిషను డ్రైవర్ దగ్గరికి వెళ్ళి, "జర పది నిమిషాలు ఆగు తమ్మీ" అన్నారు. అతను ఆపడమే కాదు, దిగివచ్చి చట్రం ఎత్తడానికి తనూ ఓ చేయి వేశాడు. ఆ టేకు దర్వాజాను దాని పాతచోట నిలబెట్టారు. చుట్టూ గోడ లేదు, వెనక ఇల్లు లేదు. ఖాళీ జాగా, గుండ్రాళ్ళు, లేత ఎండ. బాలమ్మ మూటలో వెతికి పసుపు తీసి, తడిపి, గడపకు రాసింది. బొట్లు పెట్టింది. రోజూ చేసే పని ఆ రోజూ మానలేదు. అప్పుడు గడప తొక్కకుండా దాటి, లోపలి వైపు నిలబడి, చిలక మీద కుడిచేయి ఆనించి, నా వైపు చూసింది. కుడిచేయే, ఈసారి చూశాను!

"ఎడమ దిక్కు" అన్నారు కాకాగారు నా చెవి దగ్గర. మీట తిప్పాను. చక్రం తిరిగింది. బటన్ నొక్కాను. నొక్కి, సంతోషం పట్టలేక అక్కడే ఎగిరి గంతేశాను. డ్రైవర్ చప్పట్లు కొట్టాడు. సల్వారుకు మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాను. ఒక్క మాట కూడా చెవికెక్కలేదు.

మళ్ళీ ఆదివారం, వాళ్ళు కిరాయికి దిగిన గదికి వెళ్ళి ఫొటో ఇచ్చాం. గాల్లో నిలబడ్డ దర్వాజా, అందులో బాలమ్మ. చట్రానికి అటూ ఇటూ, అంచున ఎనిమిది వేళ్ళు మాత్రం కనిపిస్తాయి, కొడుకులవి. ఆమె వేళ్ళను చూసి ఏది ఎవరిదో గుర్తుపట్టి నవ్వింది. తర్వాత ఫొటోను వెనక్కి తిప్పి చూసింది. తెల్ల కాగితం.

"లోపటి దిక్కు ఏమన్న కనవడ్తదేమో అనుకున్న" అంది.

కాకాగారు జేబులోంచి పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టారు. "అవ్వ చెప్తది. రాయ్ బిడ్డా" అన్నారు. బాలమ్మ కళ్ళు మూసుకుని చెప్తూ పోయింది. ఎడమ పక్క పొయ్యి, దాని మీద ఉట్టి, మూలకు జొన్నల గుమ్మి, కిటికీ కింద పెనిమిటి మంచం. ఆమె చెప్పినవన్నీ చెప్పినచోటే ఆ ఫొటో వెనక చిన్న చిన్న అక్షరాల్లో పేర్చాను. అయ్యాక ఆమెకు చదవడం రాకపోయినా వేలు పెట్టి, "గిది పొయ్యి గద?" అని అడిగింది. సరిగ్గా పొయ్యి మీదే పెట్టింది.

నేను తర్వాత ప్రోగ్రాములు రాసే పని వదిలి, వాటిని పరీక్షించే పనిలోకి మారి, అందులోనే స్థిరపడ్డాను. అంతా బాగానే నడుస్తోందని అందరూ సంబరపడే వేళ, అంకెలు పెరుగుతూనే ఉన్నాయని చూపించే వేళ, నా కన్ను ఎడమ పక్కకు పోతుంది. ఆఫీసులో నన్ను అనుమానం పిశాచి అంటారు. అననీ. వాళ్ళెవరూ నలభై ఒకటి లెక్కపెట్టి మురిసిపోలేదు.

కాకాగారు పోయి ఆరేళ్ళయింది. లక్ష్మమ్మగారు ఆ నోటు పుస్తకం నాకిచ్చారు. ఆయన ఫొటోలంటే గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నవే ఉన్నాయి, బిగుసుకుపోయిన మొహంతో. స్కూటర్ పక్కన నిలబడ్డ కాకాగారిని నేను ఒక్కసారే తీశాను, అది రీలుకెక్కలేదు. ఎవరి ఫొటో వాళ్ళ చేతికివ్వాలన్న నియమం ఆయన విషయంలోనే తప్పాను. ఇప్పుడు ఆయనకు ఇవ్వలేను కాబట్టి, ఆయన్ను ఎన్నడూ చూడని మీ చేతిలో పెడుతున్నాను. పుస్తకంలో ఆ సాయంత్రం ఏడుస్తూ రాసింది రాసినట్టే:

"ఒకటో ఫొటో. కాకాగారు, బాలానగర్, ఇంటి గేటు ముందు. స్కూటర్ని ఎడమకు వంచి పట్టుకున్నారు. నల్ల కళ్ళద్దాలు. భుజాన టిఫిన్ సంచీ. నవ్వడం లేదు."

దాని కింద ఆయన పెన్సిల్ అక్షరాలున్నాయి. ఆ పుస్తకం నా చేతికొచ్చేదాకా, అంటే ఆయన పోయేదాకా, నేను చూడనే లేదు.

"నవ్విన బిడ్డా. నువ్వు అంకె జూస్తున్నవ్."