మొలకెత్తిన ధాన్యం

మొన్న వానకు తడిసిన గోనెసంచి వాసన తగలగానే డెబ్బై ఏళ్ల కిందటి చోడవరం గుర్తొచ్చింది. నాకప్పుడు ఆరేళ్లు. కోతలయ్యాక ముసురు పట్టి పంట తడిసిపోయింది. అమ్మానాన్నలు ధాన్యాన్ని ఇంట్లో నేలంతా పరిచి, ఆరడానికి కాళ్లతో కెలుకుతూ ఉండేవారు. మూడోరోజు గింజలకు తెల్లటి మొలకలు కనిపించాయి. పంట మళ్లీ వస్తోందనుకుని చెంబుతో నీళ్లు చల్లాను.

నాన్న చూసి చెయ్యెత్తాడు. అమ్మ అడ్డొచ్చింది.

"గుంటకేటి తెలుసు? మొలకొస్తే మంచిదని మనవే కదా సెప్పేం."

నాన్న చెయ్యి దించి, తడి గింజలను పక్కకు ఊడ్చాడు. "ఇవి గేదెకెయ్యి," అన్నాడు.

ఆ ఏడాదంతా రంగు మారిన బియ్యమే తిన్నాం. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నేను చల్లిన నీళ్లవల్ల ఎంత పాడయిందని పెద్దయ్యాక అడిగితే, అమ్మ "నీళ్లేటి? నువ్వెప్పుడు సల్లేవే?" అంది. నిజంగా మర్చిపోయిందో, నాకోసం అలా అందో ఇప్పటికీ తెలియదు.