మార్కస్ అన్న రెండోసారి ఇచ్చిన బంతి

నిన్న మధ్యాహ్నం బ్రేక్‌కి ప్లాంట్‌లోంచి బయటికొచ్చి, పనిలో వేసుకునే గౌను విప్పి, లాకర్‌లోంచి ఫోన్ తీశాను. మా బాస్కెట్‌బాల్ క్లబ్ గ్రూప్ నిండా మెసేజ్‌లు.

మార్కస్ అన్న ఇక లేడు. గుండెపోటు.

అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. మొన్న గురువారం కూడా హాల్లో పిల్లల మీద అరుస్తూ కనిపించాడు. మనిషికి యాభై కూడా నిండలేదు.

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఆయనెవరో తెలీదు. అందుకే రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

మార్కస్ అన్న అమెరికన్. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఇరగదీశాడు. కానీ అక్కడి పెద్ద లీగ్‌లో ఏ టీమూ తీసుకోలేదు. అలాంటివాళ్ళకి ఇంకో దారి యూరప్. ఆడినందుకు జీతం, ఉండటానికి ఫ్లాట్. ఫిన్లాండ్, పోలండ్, గ్రీస్, బెల్జియం... పదేళ్ళకు పైగా అలా తిరిగాడు.

వినడానికి బానే ఉంటుంది. కానీ అమెరికా నుంచి తెచ్చుకున్న ప్లేయర్ అంటే పాయింట్లు కొట్టి తీరాలి. వరసగా రెండు మ్యాచ్‌లు పోతే టికెట్ చేతిలో పెట్టేస్తారు.

పోలండ్‌లో ఒకసారి ఈయన ఇంకా ఫ్లాట్ ఖాళీ చెయ్యకముందే, ఈయన బదులు వచ్చిన కొత్త ప్లేయర్ సూట్‌కేస్‌తో తలుపు కొట్టాడట.

అన్న అతన్ని లోపలికి పిలిచి, కాఫీ పెట్టిచ్చి, హీటర్ ఎలా వేసుకోవాలో చూపించి, అప్పుడు స్టేషన్‌కి వెళ్ళాడట.

కోపం రాలేదా అని అడిగితే, "వచ్చింది. కానీ బయట మంచు పడుతోంది. పాపం అతనేం చేశాడు?" అన్నాడు.

నేనైతే ఆ హీటర్ పీకేసి మరీ వెళ్ళేవాణ్ణి.

చివరికి యూరప్ పడమటి అంచున ఉన్న ఈ చిన్న ఊరికి, మా అత్లోన్ క్లబ్‌కి వచ్చాడు. స్కూల్ హాల్, చెక్క బెంచీలు, ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకునే జనం. టీమ్‌లో ఒక ప్లంబర్, ఒక టీచర్, కొందరు స్టూడెంట్స్.

ఆ స్టూడెంట్స్‌లో ఒకణ్ణి నేను. అప్పుడిక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. హన్మకొండలో స్కూల్ టీమ్‌లో ఆడాను కదా అని ధైర్యం చేసి వెళ్తే, మనుషులు తక్కువై తీసుకున్నారు. నా రూమ్మేట్ శ్రీకాంత్ అయితే, "నిన్ను ఆడనీకి కాదురా, నీళ్ళ సీసాలు అందియ్యనీకి పిలిచిన్రు" అనేవాడు. వాడన్నది మరీ అబద్ధమేం కాదు.

గ్రీస్‌లో వేలమంది ముందు ఎలా ఆడేవాడో నేను చూడలేదు. పట్టుమని నలభై మంది లేని మా హాల్లో కూడా బంతి కోసం నేల మీద పడి దొర్లేవాడు.

అడవి కాచిన వెన్నెల అంటారు కదా. ఆ అడవిలో మేమున్నాం. మేం చూశాం.

ఆ సీజన్ చివరి మ్యాచ్. స్పెయిన్‌లోని ఒక క్లబ్ నుంచి ఒకాయన అన్న ఆట చూడ్డానికే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అన్నకి ముప్పై అయిదు దాటాయి. మళ్ళీ అలాంటి పెద్ద క్లబ్‌లో ఆడాలంటే ఇదే ఆఖరి ఛాన్స్ అని హాల్లో అందరికీ తెలుసు.

ఒక్క పాయింట్ వెనకబడి ఉన్నాం. టైమ్ అయిపోతోంది. ప్లంబర్ కాలు బెణికి కూర్చుంటే దిక్కులేక నన్ను దింపారు.

బంతి అన్న చేతిలో. ఇద్దరు ఆయన మీద పడ్డారు. బాస్కెట్ కింద నేనొక్కణ్ణే. నాకిచ్చాడు.

మిస్ చేశాను. చిన్నపిల్లలు కూడా వేసే బంతి.

అవతలివాళ్ళు కంగారులో బంతి పోగొట్టుకున్నారు. మళ్ళీ అన్న చేతికే వచ్చింది. ఇక మిగిలింది కొన్ని సెకన్లే. స్పెయిన్ ఆయన ముందుకి వంగి చూస్తున్నాడు. ఇలాంటప్పుడు ఎవరైనా సరే, తామే వేస్తారు.

మళ్ళీ ఇద్దరూ అన్న మీదికే. మళ్ళీ నేను ఖాళీ. ఇందాకే మిస్ చేసినవాణ్ణి ఎవరు కాపలా కాస్తారు?

మళ్ళీ నాకే ఇచ్చాడు.

పడింది. ఎలా పడిందో నాకిప్పటికీ తెలీదు. గెలిచాం. నన్ను ఎత్తుకుని తిప్పారు. శ్రీకాంత్ ఏడ్చాడు, అడిగితే ఒప్పుకోడు.

స్పెయిన్ ఆయన అన్నతో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

అన్న అత్లోన్‌లోనే ఉండిపోయాడు. ఈ ఊరి అమ్మాయి షివాన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఊళ్ళో పిల్లలకి ఆట నేర్పాడు. మా పాపకి కూడా.

రెండోసారి కూడా నాకే ఎందుకిచ్చావని ఒకరోజు అడిగాను. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"నువ్వు ఖాళీగా ఉన్నావు కదా."

ఇవాళ పొద్దున అన్నని ఇంటికి తీసుకొచ్చారు. వీధి చివరిదాకా జనం. ఇక్కడి పద్ధతిలో లోపలికి వెళ్ళి, ఆఖరిచూపు చూసి, ఇంట్లోవాళ్ళతో చెయ్యి కలిపి, టీ తాగి రావాలి.

వంటింట్లో షివాన్ ఒక్కతే ఉన్నప్పుడు, ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది అడిగేశాను. స్పెయిన్ ఛాన్స్ పోయిందని అన్న బాధపడ్డాడా?

ఆమె నా కోసం అబద్ధం చెప్పలేదు.

"చాలా బాధపడ్డాడు. వారమంతా ఫోన్ పక్కనే కూర్చున్నాడు. తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు, వెళ్ళి ఉంటే బాగుండేది అనేవాడు."

టీ కప్పు నా చేతికిచ్చింది.

"ఆ పాస్ తప్పని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు."

కప్పు పక్కన పెట్టేసి ఏడ్చాను.

వెళ్ళిరా మార్కస్ అన్నా. నీతో కలిసి ఆడాను, ఈ జన్మకి అది చాలు. ఎక్కడున్నా నీ మనసు చల్లగా, ప్రశాంతంగా ఉండాలి.