కోకిల అతికించిన మీసం

ఆంధ్రరాష్ట్రం వేరుపడిన మరుసటి ఏడు నేను కోడంబాక్కం రైలుగేటు పక్కన, వరదరాజులు నాయుడి పెంకుటింట్లో అద్దెకుండేవాణ్ణి. పొడుగాటి నడవా, అటూ ఇటూ గదులు. నా ఎదురుగదిలో కోకిల ఉండేది. సినిమా స్టూడియోలో విగ్గులూ గడ్డాలూ మీసాలూ తయారుచేయడం ఆమె పని. ఆమె అతికించిన మీసంతోనే ఒక నటుడు పెళ్లిచూపులకు వెళ్లి పిల్లను ఒప్పించాడనీ, మూడు ముళ్లూ పడ్డాక గానీ ఆ మీసం ఊడలేదనీ నేను చాలామందికి చెప్పాను. చెప్పీ చెప్పీ ఇప్పుడు నేనే నమ్ముతున్నాను.

నాయుడు ఒంటరి ఆడవాళ్లకు గది ఇచ్చేవాడు కాదు. కోకిల తన భర్త రంగూన్‌లో ఉన్నాడని చెప్పి చేరింది. నాయుడు కుశలం అడిగినప్పుడల్లా ఆ భర్తకు ఉద్యోగం పెద్దదయ్యేది. మొదట కలప మిల్లులో గుమాస్తా, తర్వాత మేనేజరు, చివరికి ఏనుగెక్కి ఆఫీసుకు వెళ్తున్నాడు. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఆ లెక్కన కోకిల ఈ జన్మలో లేచి నిలబడకూడదు. అసలు భర్త ఇదే ఊళ్లో, వ్యాసర్పాడిలో ఉండేవాడు. అతను కొట్టిన దెబ్బకు ఆమె ఎడమచెవి వినబడకుండా పోయింది. ఆ రోజే కట్టుబట్టలతో వచ్చేసింది.

స్టూడియోలో బట్టలుతికే అంజలై కూడా అలా వచ్చిన మనిషే. భర్త కన్నియప్పన్ చెయ్యి విరగ్గొడితే పారిపోయి వచ్చి, దుస్తుల గదిలో రాజుల అంగరఖాల మధ్య దాక్కుని పడుకునేది. అది మేనేజరు కంటపడింది. శనివారానికల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ఆ తర్వాత ఆమెకు కన్నియప్పన్ ఇల్లు తప్ప వేరే కప్పు లేదు. మా నడవా చివర ఒక గది ఖాళీగా ఉంది. కోకిల నాయుడి దగ్గరికి వెళ్లింది.

"ఆయమ్మకి మొగుడుండాడా?" అన్నాడు నాయుడు.

"ఉండాడయ్యా."

"యాడ, రంగూన్‌లోనా?"

రెండో మొగుణ్ణి కూడా ఓడ ఎక్కిస్తే బాగుండదని కోకిలకు తోచింది. "ఈడనేనయ్యా. రైల్వే యార్డులో పని."

"సరి, శుక్రవారం పొద్దున ఇద్దరినీ వచ్చి పాలు పొంగించమను. మగోడు పొయ్యి రాజెయ్యాల, ఆడది పాలు పొయ్యాల. మా తాత నాటినుంచీ ఈ ఇంట్లో అదే పద్ధతి."

స్టూడియోకు నీళ్లు మోసే చిన్నపొన్ను ఆరడుగుల మనిషి. కోకిల ఆమెకు జుట్టంతా దాగేలా తలపాగా చుట్టి, ఖాకీ చొక్కా తొడిగి, గుబురు మీసం అతికించింది.

"మొగుడిగా ఉండేది నాకు తెలీదే అక్కా," అంది చిన్నపొన్ను.

"ఏం చెయ్యబాక. ఏమడిగినా ఊఁ అను. నా మొగుడు నాతో అంతకంటే మాట్లాడింది లేదు."

శుక్రవారం నడవా అంతా గది ముందు చేరింది. నాయుడు, ఆయన భార్య కనకవల్లమ్మ ముందు నిలబడ్డారు. చిన్నపొన్ను వంగి పొయ్యి ఊదింది. అంజలై పాలు పోసింది. నాయుడు పగటి డ్యూటీ గురించి అడిగాడు, రాత్రి డ్యూటీ గురించి అడిగాడు. అన్నిటికీ ఊఁ అని జవాబు వచ్చింది. ఇంత నెమ్మదైన మగవాణ్ణి చూడలేదని ఆయన మురిసిపోయాడు.

కోకిల ఒక్కటే మరిచిపోయింది. ఆమె బంక స్టూడియో లైట్ల వేడికి ఊడేది కాదు. పాల ఆవిరికి ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. చిన్నపొన్ను మళ్లీ ఊదడానికి వంగగానే మీసం ఒక పక్క వేలాడి, ఎగిరి నాయుడి పాదం మీద పడింది. జెర్రి అనుకుని ఆయన కనకవల్లమ్మ వెనక్కి గెంతాడు. అందరూ ఆయన్నే చూస్తుంటే పొయ్యి మీద పాలు బుసబుసా పొంగి కారాయి.

నాయుడు మీసాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు. "ఇది ఎవురిది?"

"స్టూడియోదయ్యా. సాయంత్రంలోగా ఇచ్చెయ్యాల," అంది కోకిల.

"నీ రంగూనాయన కూడా ఇట్టాంటోడేనా?"

"ఆయనకి మీసం లేదయ్యా."

నడవా అంతా నవ్వింది. అంజలై మాత్రం నవ్వలేదు. కట్టు విప్పిన చేత్తో తన మూట దగ్గరికి లాక్కుంది, వెళ్లిపోవడానికి.

"ఆ మూట ఆడ పెట్టు తల్లీ," అంది కనకవల్లమ్మ. భర్తవైపు తిరిగింది. "పాలు తూర్పుకే పొంగినాయి. పొంగినాక మనిషిని ఎళ్లగొడితే ఇంటికి మంచిది కాదని మీరే కదా అంటారు."

నాయుడు పొయ్యివైపు చూశాడు, మీసంవైపు చూశాడు. పద్ధతిని కనిపెట్టింది వాళ్ల తాత గనక ఎదురు చెప్పలేకపోయాడు. "ఆ మిగిలిన పాలతో పాయసమన్నా చెయ్యండి," అని మీసం కోకిల చేతిలో పెట్టాడు.

ఆ పై ఆదివారం కన్నియప్పన్ వచ్చి గేటు తన్నాడు. "నా పెండ్లాన్ని పంపు."

నాయుడు పడక్కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "నీ పెండ్లామా? ఆయమ్మ మొగుణ్ణి నేను కళ్లారా చూసినానే. ఆరడుగులుంటాడు, రైల్వే యార్డులో పని. తిని పండుకోనుండాడు, లేపమంటావా?"

కోకిలకు శిష్యుడు దొరికాడని నాకప్పుడే అర్థమైంది. కన్నియప్పన్ ఒకడుగు వెనక్కి వేశాడు. అంతలో అంజలై పిండి చేతులతోనే గేటు దాకా వచ్చింది.

"నేను రాను. నా ఇల్లు ఇదే. నువ్వు పో," అంది.

ఆమె గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు. అతను నాయుణ్ణి చూశాడు, గదుల తలుపుల్లో నిలబడిన మా అందరినీ చూశాడు, వెళ్లిపోయాడు. అంజలై లోపలికి పోయి మిగిలిన పూరీలు వత్తింది. మాకందరికీ తలా రెండు వచ్చాయి.

తర్వాత గది ఖాళీ అయినప్పుడల్లా నాయుడే కోకిలను పిలిచేవాడు. "ఎవురన్నా ఉంటే చెప్పమ్మా. మొగుణ్ణి మాత్రం తేబాక." అలా వ్యాసర్పాడి నుంచీ మైలాపూరు నుంచీ ఆడవాళ్లు వచ్చారు. కొందరు కొన్నాళ్లుండి పనులు చూసుకుని వెళ్లారు, కొందరు ఉండిపోయారు. ఆ ఏళ్లలో మా నడవాలో ఎన్నిసార్లు పాలు పొంగాయంటే, కారినవి నాకి నాకి మా పిల్లి బలిసిపోయి, మూసిన రైలుగేటు కింద నుంచి దూరలేక, రైలు పోయేదాకా మాతోపాటే నిలబడేది.