పిల్లుల బీమాకి రెండో పేరు

హాలిఫాక్స్‌లో బస్సు నడిపి రిటైరైన క్లిఫర్డ్ ఏ సంగతైనా వాతావరణంతోనే మొదలుపెడతాడు. భార్య పోయిన రోజున కూడా పక్కింటి మౌరీన్‌తో ముందు చలి గురించి మాట్లాడి, తర్వాతే ఆ కబురు చెప్పాడు. ఈమధ్య దిక్కులేని జంతువుల ఆశ్రమం నుంచి రెండు పిల్లులను తెచ్చుకున్నాడు. అప్పటినుంచి వాటి ఆరోగ్య బీమాయే అతని పని. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని బీమా కాగితాల్లోని చిన్నక్షరాలన్నీ చదివాడు. చౌక బీమాలన్నీ పిల్లి ముసలిదయ్యేసరికి చేతులెత్తేస్తున్నాయి. బతికినంతకాలం వర్తించేది ఎంచుకుని కంపెనీకి ఫోన్ చేశాడు.

"వాటికంటే నేనే ముందు పోతే?" అని అడిగాడు.

"పెంచుకునేవాళ్ల పేరుకి మారుస్తాం సార్. ఎవరైనా ఉన్నారా?" అంది అవతలి అమ్మాయి.

మళ్లీ చేస్తానని చెప్పి, కోటు తొడుక్కుని బయటికొచ్చాడు. మౌరీన్ చెత్తడబ్బా గేటు దగ్గరికి లాగుతోంది.

"ఇవాళ వాన పడదనుకుంటా," అన్నాడు.

"నాకైతే నమ్మకం లేదు."

"గాలి మాత్రం తగ్గింది."

"కాస్త తగ్గింది."

"పిల్లులకి బీమా తీసుకుంటున్నా. ఇంకో పేరు కూడా ఉంటే మంచిదట."

మౌరీన్ డబ్బా మూత సరిచేసి, చేతులు దులుపుకుంది.

"రెండిట్లో కరిచేది ఏది?"

"నల్లది."

"ఆదివారాలు దాన్ని మా ఇంట్లో వదులు. ఇప్పటినుంచే అలవాటు పడాలిగా."

అంతలో వాన మొదలైంది. దాని గురించి ఇద్దరూ ఏమీ అనలేదు.