హంసలదీవి కాలవలో పడని కారు

లోకంలో దేన్నయినా కాగితం మీద గళ్లు గీసి తేల్చేయవచ్చని గట్టిగా నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై నాలుగో ఏట వచ్చింది. అప్పుడే గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పడానికి చేరాను. ఆ రోజుల్లో కూరగాయలు కొనాలన్నా, అద్దెకు గది చూడాలన్నా, ఆఖరికి నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకుల విషయంలోనైనా ముందు ఒక పట్టిక తయారయ్యేది. (పెళ్లికొడుకుల పట్టిక అమ్మ కంటపడి పొయ్యిలోకి పోయింది. అది వేరే సంగతి.) స్టాఫ్ రూములో వెనకాల నన్ను 'పట్టిక మేడం' అనేవారని తెలిసినప్పుడు బాధపడాల్సింది పోయి, బిరుదు ఇచ్చినట్టు పొంగిపోయాను.

రోజూ బందరు నుంచి గుడివాడకి బస్సులో నిలబడి వెళ్లి, మళ్లీ నిలబడి వచ్చే బాధ పడలేక, మా కెమిస్ట్రీ మాస్టారు అమ్మేస్తానన్న పాత కారు కొనడానికి ఒప్పుకున్నాను. దాని ఇన్సూరెన్స్ గడువు అయిపోవస్తోంది. "ముందు ఇన్సూరెన్స్, తర్వాతే తాళం చెవి" అంది అమ్మ. ఇంకేం, నాకు పండగే. నాలుగు కంపెనీల పేర్లు రాసి గళ్లు గీశాను. ఏ నష్టానికి డబ్బు ఇస్తారు, దేనికి ఇవ్వరు, ఏ షెడ్లో రిపేరు చేయిస్తారు, ఫోన్ ఎన్నో రింగుకి ఎత్తుతారు, ఎంతసేపు సంగీతం వినిపిస్తారు, మర్యాదకు పదికి ఎన్ని మార్కులు. అన్నీ నిండాయి, ఆఖరి గడి తప్ప. దాని మీద నేను స్వహస్తాలతో రాసుకున్న మాట: 'ఆపదలో ఎలా ఉంటారు?' ఆ గడి నింపాలంటే ఆపద ఉండాలి. నా దగ్గర అప్పటికింకా కారే లేదు.

అవనిగడ్డలో మా మావయ్యకి మాత్రం ఉంది. తెల్ల కారు. రోజూ పొద్దున్నే దాన్ని కడిగి, అద్దంలో తన మీసం, దాని బంపరు రెండూ చూసుకునే మనిషి. ఆయన పాలసీని ఆన్‌లైన్లో రెన్యువల్ చేసింది నేనే కాబట్టి దాని కాగితాలన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి. అది నా పట్టికలో మూడో కంపెనీ. ఒక ఆదివారం పొద్దున, గుడివాడలో స్పెషల్ క్లాసు చెప్పి, ఖాళీ స్టాఫ్ రూములో కూర్చుని, దుర్బుద్ధి పుట్టి ఆ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. పాలసీ నంబరు చెప్పి, గొంతులో కాస్త కంగారు కలిపి, "మా కారు కాలవలో పడిపోయిందండీ" అన్నాను. నా ఆలోచన ఏమిటంటే, వాళ్లు ఏమంటారో విని, రాసుకుని, చివర్లో "ఊరికే పరీక్ష చేశానండీ" అని నవ్వేయడం.

అవతల ఒక అమ్మాయి. పాలసీ గురించి, కారు గురించి ఏదో అడుగుతుందనుకుంటే, "అయ్యయ్యో! మీకేం దెబ్బలు తగల్లేదు కదండీ? లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అంది. అచ్చం మా వైపు యాస. ఆ గొంతులో నిజమైన కంగారు. "లేదండీ... ఉన్నారండీ..." అని ఏదో గొణిగాను. "ఎక్కడండీ?" అంటే, కాలవ పక్కన రోడ్డు అనగానే నాకు గుర్తొచ్చినది చెప్పేశాను: "కోడూరు దాటాక, హంసలదీవి రోడ్డు." "మీరు నీళ్లకి దూరంగా ఉండండి. మనుషుల్ని పంపిస్తున్నాను" అంటోంది. పరీక్ష అని చెప్పడానికి సిగ్గేసి, ఫోన్ పెట్టేశాను. తిరిగి చేస్తారేమోనని ఏకంగా స్విచ్ ఆఫ్ కూడా చేశాను. తర్వాత పట్టిక తీసి ఆఖరి గడిలో తొమ్మిది మార్కులు వేసి (పదికి పది ఎవరికీ వేయకూడదని మా హెడ్ గారి సిద్ధాంతం), బజార్లోకెళ్లి రెండు ఇడ్లీ, ఒక పెసరట్టు తిన్నాను.

గంట తర్వాత ఫోన్ ఆన్ చేస్తే అత్తయ్య దగ్గర్నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్. నేను చేసేలోపే మళ్లీ మోగింది. "ఏమే, మీ మావయ్య కారు కాలవలో పడిందంట! కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఆయన ఫోన్ కలవట్లేదు!" అని ఏడుస్తోంది. వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్ల గొంతులు. ఎవరో మోటార్ సైకిళ్లు స్టార్ట్ చేస్తున్న చప్పుడు. మావయ్య నంబరు కలవకపోతే పాలసీలో రెండో నంబరుగా ఉన్న అత్తయ్యకి చేస్తారన్న సంగతి, ఆ రెండో నంబరు రాసిన దాన్ని నేనే అయి ఉండి, నాకు తట్టలేదు.

ఆ క్షణంలో నోరు విప్పడానికి నేను పడ్డ అవస్థ ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకసారి దగ్గాను. ఒకసారి "అత్తయ్యా" అన్నాను. మూడోసారికి చెప్పేశాను. "కారు పడలేదత్తయ్యా. నేనే కల్పించి చెప్పాను. ఆ కంపెనీ మంచిదో కాదో చూద్దామని."

తిడుతుందని కళ్లు మూసుకున్నాను. అత్తయ్య తిట్టలేదు. "మరి ఆయన ఫోన్ ఎందుకు కలవట్లేదే?" అంది చిన్నగా. "మోటారు రిపేరుకని పొద్దున్నే చల్లపల్లి వెళ్లారు. చల్లపల్లిలో సిగ్నల్ లేకపోవడమేంటి? ఆ షెడ్డు వాళ్లనడిగితే అసలు రాలేదన్నారు."

చెప్పింది అబద్ధమని నాకొక్కదానికే తెలుసు కదా, ధైర్యంగా ఉండాల్సింది. కానీ పామర్రు మీదుగా అవనిగడ్డ బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, నా అబద్ధానికి నేనే భయపడ్డాను. దారి పొడుగునా పక్కనే కాలవ. ఎక్కడ నీళ్ల మీద తెల్లగా కనిపించినా సీట్లోంచి లేచి చూసేదాన్ని. ఒకచోట కొంగలు, ఒకచోట ఎవరో ఆరేసిన పంచె, ఒకచోట ఎరువుల సంచి. నేను నోరు జారిన వేళ ఎలాంటిదో, తథాస్తు దేవతలు ఆ హెల్ప్‌లైన్లో విన్నారేమో అని, అప్పటిదాకా ఏ గడిలోనూ చోటివ్వని దేవుళ్లందరికీ వరసగా మొక్కాను. పక్క సీటు పెద్దావిడ నా మొహం చూసి, "ఎవరైనా పోయారా అమ్మా?" అంది. "ఇంకా తెలీదండీ" అన్నాను. ఆవిడ తన సంచిలోంచి ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది.

చల్లపల్లి చేరేసరికి అత్తయ్య ఫోన్. "దొరికారు" అంది. గొంతులో ఏడుపు లేదు. అంతకంటే ప్రమాదకరమైనదేదో ఉంది. "నువ్వు రా. నీ సంగతి ఆయన చూస్తారు. ఆయన సంగతి నేను చూస్తాను."

జరిగింది ఇదీ. మావయ్య మోటారు రిపేరుకి వెళ్లలేదు. ముగ్గురు స్నేహితుల్ని కారెక్కించుకుని పాలకాయతిప్ప బీచికి, పీతల వేపుడు తినడానికి వెళ్లాడు. (డాక్టరు ఆయనకి అవి పూర్తిగా మానేయమన్నాడు. అత్తయ్య ఇంట్లో మాన్పించింది.) అంటే నేను గాలిలోంచి ఊడబెరికి చెప్పిన హంసలదీవి రోడ్డు మీదే, ఆయన నిజంగా ఉన్నాడు! అక్కడ ఫోన్ సిగ్నల్ రాదు. తిరిగి వస్తుంటే, బందరు నుంచి వచ్చిన కంపెనీ క్రేన్ బండి ఒకటి కాలవ పక్కనే నెమ్మదిగా పోతోంది. దాని డ్రైవరు తల బయట పెట్టి నీళ్లలోకి చూస్తున్నాడు. పరోపకారి మావయ్య కారాపాడు.

"ఏం వెతుకుతున్నావయ్యా?"

"కారండీ. కాలవలో పడిందంట. తెల్ల కారు. మనుషులు కూడా ఉన్నారంట."

"అయ్యో పాపం!" అని మావయ్య బృందం మొత్తం దిగిపోయింది. ఒకాయన లుంగీ ఎగ్గట్టి, వెదురు గడ పట్టుకుని మొలలోతు నీళ్లలో దిగాడు. అరగంట పాటు నలుగురూ నీళ్ల మీద అల్లుకున్న తూటికాడ తప్పించి తప్పించి వెతికారు. చివరికి మావయ్యే, "నంబరు ఏమిటో చెప్పు, తెలిసినవాళ్లదేమో" అన్నాడట. డ్రైవరు కాగితం తీసి చదివాడు. మావయ్య మళ్లీ చదవమన్నాడు. మూడోసారి చదివించుకుని, రోడ్డు మీద మెరుస్తున్న తన కారు వైపు వేలు చూపించాడు. డ్రైవరు కారుని చూశాడు. కాలవని చూశాడు. పొడి బట్టలతో నిలబడ్డ మావయ్యని పైనుంచి కిందదాకా చూసి ఎంతో వినయంగా అడిగాడట, "అయితే తమరు బయటికి ఎప్పుడొచ్చారండీ?"

నేను వెళ్లేసరికి ఆ క్రేన్ బాబాయ్ మా అత్తయ్య వంటింటి ముందు విస్తరేసుకుని భోంచేస్తున్నాడు. మావయ్య మండువాలో నేరస్థుడిలా మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూసి కోప్పడబోయి, అత్తయ్య వైపు చూసి ఆగిపోయాడు. తనూ ఆ రోజు అబద్ధం చెప్పినవాడే కదా. క్రేన్ బాబాయ్‌కి క్షమాపణ చెప్పుకుని, డీజిల్ డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు. అత్తయ్య బలవంతంగా ఆయన జేబులో కుక్కింది. నా పట్టిక సంగతి విని ఆయన పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు, "అమ్మాయిగారూ, ఈ కాగితాల్లో ఉన్నది చదివితే సరిపోదు. మన వైపు కార్లు ఎక్కువ కాలవలోనే పడతాయి. పడ్డ బండి నీళ్లలో ఉండగా తాళం తిప్పి స్టార్ట్ చేస్తే ఇంజన్ పోద్ది. మామూలు పాలసీ దానికి ఇవ్వదు. ఇంజన్‌కి విడిగా రాయించుకోవాలి. మీ మావయ్యగారి దాంట్లో అది ఉందా?"

ఫోన్లో చూశాను. లేదు. డెల్టా నడిబొడ్డున ఉన్న మనిషికి, చుట్టూ నీళ్లుండగా, చవగ్గా వస్తుందని ఆ కవర్ తీసేసి రెన్యువల్ చేసింది స్టాటిస్టిక్స్ మేడం గారే. అప్పుడు నిజంగా తల దించుకున్నాను. ఆ రోజు ఆ కారు నిజంగానే పడుంటే?

అంతలో మావయ్య ఫోన్ మోగింది. పొద్దుటి అమ్మాయే. "సార్, మీరు క్షేమమేనా?" అంటుంటే మావయ్య ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. పట్టిక, గడి, తొమ్మిది మార్కులు, అన్నీ. ఆ అమ్మాయి, "ఎవరికీ ఏమీ కాలేదు కదండీ?" అంది. లేదన్నాను. "నేను ఉద్యోగంలో చేరి నాలుగు రోజులేనండీ. ప్రమాదం కాల్ ఇదే మొదటిది. అందరూ బాగున్నారని తెలిసేదాకా భోజనానికి లేవలేకపోయాను. ఇప్పుడు వెళ్తానండీ, ఆకలేస్తోంది." అని, రెండడుగులు వేసి ఆగినట్టుగా, "ఇంకెప్పుడూ ఇలా చేయకండి మేడం, అవతల నిజంగా పడ్డవాళ్ల ఫోన్ ఆగిపోద్ది" అంది. తిట్టు అంటే అదీ. అంత మెత్తగా తిడితే తప్పించుకునే దారి ఉండదు.

మర్నాడే మావయ్య పాలసీ మార్చే పని మొదలుపెట్టాను. మధ్యలో కుదరదంటే, ఆ తర్వాతి రెన్యువల్‌లో ఇంజన్ కవర్ చేర్చాం. నా పాత కారుకీ అదే కంపెనీలో, అదే కవర్‌తో రాయించాను. అమ్మ తాళం చెవి ఇచ్చింది. మావయ్య మాత్రం పీతల విషయంలో కొన్ని నెలలు అత్తయ్య నిఘాలో ఉన్నాడు. తర్వాత ఆవిడే కరిగి, పండక్కొకసారి తనే దగ్గరుండి బీచికి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇద్దరూ కలిసే తింటున్నారు, డాక్టరుకి కలిసే అబద్ధం చెబుతున్నారు.

నేను ఆ కంపెనీ పాలసీతోనే ఉండిపోయాను. బందరు, పెడన, గుడివాడ, దివిసీమ రోడ్లన్నీ తిరిగాను. వానల్లో, మంచులో, ధాన్యం ఆరబోసిన రోడ్ల మీద కూడా. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా క్లెయిమ్ అడగాల్సిన అవసరం రాలేదు. కాబట్టి శాస్త్రం ప్రకారం ఆ కంపెనీ మంచిదో కాదో తేల్చడానికి నా దగ్గర ఇప్పటికీ ఆధారం లేదు. ఈ మాట ఇరవై నాలుగేళ్ల నాతో అంటే అస్సలు ఒప్పుకునేది కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని, ఆఖరి గడిలోని తొమ్మిది మార్కులు చూపించి వాదించేది. పాపం, ఆ వయసులో నాకు చాలా తెలివి ఉండేది.